వూ వూ షాట్ సరిగ్గా చేయడం ఎలా, ఇంత తీపి అసలు బార్‌లోకి ఎలా వచ్చింది

వూ వూ అని పేరు చెప్పగానే సీరియస్‌గా మందు కొట్టేవాళ్ళు ఒక చూపు చూస్తారు, ఇదేదో పిల్లల జ్యూస్ అన్నట్టు. వోడ్కా, పీచ్ ష్నాప్స్ (పీచ్ పండు వాసనుండే తీపి మందు), క్రాన్‌బెర్రీ జ్యూస్, ఈ మూడూ ఐస్‌లో గిలక్కొట్టి చిన్న గ్లాసులో పోస్తే అదే వూ వూ. నేనూ చాన్నాళ్ళు ఆ వెక్కిరించే బ్యాచ్‌లోనే ఉన్నా, ఎందుకంటే నేను మొదటిసారి తాగింది ఒక బార్‌లో (పేరెందుకులెండి), గోరువెచ్చగా, పెదాలు అతుక్కుపోయేంత తియ్యగా, దగ్గు మందుకి రంగేసినట్టు ఉంది. సగం తాగి పక్కన పెట్టేశా. తర్వాత ఎప్పుడో ఒక ఫ్రెండ్ ఇంట్లో అదే షాట్ ఇచ్చాడు, అవే మూడు సీసాలు, కానీ గ్లాసు పట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నాయి, నోట్లో ముందు పీచ్ వాసన, వెంటనే పులుపు, మింగాక కాస్త వగరు. ఏం చేశావురా అంటే వాడు చెప్పింది రెండే మాటలు. నిమ్మకాయ, ఐస్.

నిజంగా అంతే. తీపి షాట్లు బాగోలేవు అనిపించిన ప్రతిసారీ చూస్తే అక్కడ తీపి ఎక్కువవడం కంటే పులుపు లేకపోవడం, చల్లదనం లేకపోవడమే అసలు జబ్బు.

ముందు కొలతలు చెప్పేస్తా, కథ తర్వాత. నలుగురికి, ఒక్కొక్కరికి ఒక షాట్ చొప్పున: వోడ్కా 60 మిల్లీ, పీచ్ ష్నాప్స్ 45 మిల్లీ, క్రాన్‌బెర్రీ జ్యూస్ 45 మిల్లీ, అప్పుడే పిండిన నిమ్మరసం 15 మిల్లీ. మొత్తం 165 అవుతుంది. గిలక్కొట్టేటప్పుడు ఐస్ కరిగి ఇంకో 40 మిల్లీ దాకా నీళ్ళు చేరతాయి, అంటే 205 దగ్గర తేలుతుంది, నలుగురికి తలా 50 మిల్లీ. కాబట్టి 60 మిల్లీ పట్టే షాట్ గ్లాసులు తీసుకోండి. ఈ నీళ్ళ లెక్క నేను మొదట్లో అసలు పట్టించుకోలేదు, 45 మిల్లీ గ్లాసులు నాలుగు వరసగా పెట్టి, నాలుగు నలభై ఐదులు నూట ఎనభై అని కరెక్టుగా అంతే కొలిచి పోసి గిలక్కొట్టా, తీరా పోస్తుంటే నాలుగు గ్లాసులూ నిండిపోయాయి, షేకర్‌లో ఇంకో గ్లాసు మిగిలింది, అది కూడా సర్దేద్దామని పోస్తే టేబుల్ మీద నుంచి కారి చొక్కా మీదికొచ్చింది. క్రాన్‌బెర్రీ మరక అంత తేలిగ్గా పోదు.

బార్‌లో అయితే మామూలుగా నిమ్మరసం వేయరు, వోడ్కా ష్నాప్స్ జ్యూస్ ఇంచుమించు సమానంగా పోసి కానిచ్చేస్తారు, మహా అయితే గ్లాసు అంచున ఒక నిమ్మ ముక్క. ఆ 15 మిల్లీ నిమ్మరసమే మొత్తం మార్చేస్తుంది అని నా అభిప్రాయం. నమ్మకం లేకపోతే మొదటిసారి రెండు గ్లాసులు విడివిడిగా చేసి చూడండి, ఒకదాంట్లో నిమ్మరసం వేసి, ఒకదాంట్లో వేయకుండా. వేయనిది తాగాక మంచినీళ్ళు అడుగుతారు.

ఇప్పుడు సీసాల సంగతి. వోడ్కా మీద డబ్బు తగలేయక్కర్లేదు, దీంట్లో దాని పని కిక్కు ఇవ్వడం, జ్యూస్‌కి కాస్త బరువు ఇవ్వడం, అంతే, ఖరీదైనది పోసినా పీచ్ వాసన ముందు దాని గొప్ప ఎవడికీ తెలీదు. మరీ చవకది, మూత తీయగానే స్పిరిట్ వాసన కొట్టేది మాత్రం వద్దు.

పీచ్ ష్నాప్స్ దగ్గర ఒక కన్‌ఫ్యూజన్ ఉంది. జర్మనీలో ష్నాప్స్ అంటే పండ్లను పులియబెట్టి బట్టీ పట్టిన సరుకు, తీపి ఉండదు, 40 శాతం దగ్గర ఆల్కహాల్, గొంతులో మంట. అమెరికాలో ష్నాప్స్ అని అమ్మేది పూర్తిగా వేరే జాతి, రుచీ వాసనా లేని న్యూట్రల్ స్పిరిట్‌లో పండు ఫ్లేవర్, బోలెడు చక్కెర, ఆల్కహాల్ సీసాని బట్టి 15 నుంచి 24 శాతం. మనకి కావాల్సింది ఈ రెండోది. పొరపాటున మొదటిది కొని ఇదే కొలతలో పోస్తే షాట్ అంతా మంటే, తీపి ఎక్కడా కనపడదు. లేబుల్ మీద శాతం చూస్తే చాలు, 40 అని ఉంటే అది మన సీసా కాదు.

క్రాన్‌బెర్రీ జ్యూస్‌లో కూడా రెండు రకాలున్నాయి. మామూలుగా దొరికేది జ్యూస్ కాక్‌టెయిల్ అని రాసి ఉంటుంది (కాక్‌టెయిల్ అన్నారని దాంట్లో మందేమీ ఉండదు), జ్యూస్ పావు వంతు దగ్గర్లో, మిగతాది నీళ్ళు, చక్కెర. ఇంకోటి వంద శాతం క్రాన్‌బెర్రీ, చక్కెర లేనిది, అది ఒక గుక్క తాగితే మొహం ముడుచుకుపోతుంది, అంత పులుపు, అంత వగరు. నా కొలతలు మొదటి రకానికి. రెండోదే దొరికితే 45 బదులు 25 మిల్లీ జ్యూస్, 20 మిల్లీ నీళ్ళు పోయండి, నిమ్మరసం సగానికి తగ్గించండి. నిజం చెప్పాలంటే అలా చేసిందే నాకు ఇంకా నచ్చుతుంది, ఆ వగరు పీచ్ తీపిని పట్టి ఆపుతుంది, కానీ అందరికీ ఎక్కదు.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. షేకర్ ఉంటే మంచిదే, లేకపోతే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా గానీ పచ్చడి పెట్టుకునే గాజు సీసా గానీ చాలు. కొలతకి జిగ్గర్ (బార్లలో వాడే చిన్న కొలత గ్లాసు) లేకపోతే మందుల సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ మూత వాడండి, దాని మీద మిల్లీ గీతలు ఉంటాయి. కళ్ళతో కొలవడం మాత్రం వద్దు, ఇది చిన్న గ్లాసు, పెద్ద గ్లాసులో 10 మిల్లీ అటూ ఇటూ అయితే ఎవరికీ తెలీదు గానీ ఇక్కడ అది ఐదో వంతు. వడపోతకి టీ జల్లెడ.

పని మొదలెట్టడానికి ఒక గంట ముందు షాట్ గ్లాసులు ఫ్రీజర్‌లో పడేయండి, వోడ్కా సీసా కూడా. వోడ్కా ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు, కాస్త చిక్కబడుతుంది అంతే. జ్యూస్, ష్నాప్స్ ఫ్రిజ్‌లో. ఇంత హడావిడి ఎందుకంటే చల్లగా ఉంటే నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. ఐస్‌క్రీమ్ గట్టిగా ఉన్నప్పుడు తింటే బానే ఉంటుంది, అదే కరిగి పాయసంలా అయ్యాక తాగి చూడండి, ఇంత చక్కెర వేశారా అనిపిస్తుంది. అదే చక్కెర, నాలుక లెక్క మారింది. నేను బార్‌లో తాగిన ఆ గోరువెచ్చ షాట్ కూడా బహుశా ఇంత తీపే ఉండి ఉంటుంది, చల్లగా లేకపోవడంతో దొరికిపోయింది.

ఐస్ గురించి కాస్త ఎక్కువ మాట్లాడతా, ఓపిక పట్టండి. చాలామంది ఐస్ ఎక్కువేస్తే నీళ్ళైపోతుందని నాలుగు ముక్కలు పిసినారిగా వేస్తారు, జరిగేది సరిగ్గా రివర్స్. నాలుగు ముక్కలేస్తే అవి గబగబా కరిగిపోతాయి, అయినా షాట్ చల్లబడదు. షేకర్ నిండా ముప్పావు వరకు వేస్తే అన్నీ కలిసి చల్లదనాన్ని త్వరగా లాక్కొస్తాయి, మనం అంతే త్వరగా ఆపేస్తాం. ఫ్రీజర్ నుంచి తీసిన గట్టి ముక్కలే వాడాలి, బకెట్‌లో అరగంట నుంచి చెమటలు పడుతున్నవి వాడితే వాటి మీదున్న నీళ్ళన్నీ మీ షాట్‌లోకే. ఇంకో సంగతి, ఐస్ కరగడం తప్పేమీ కాదు, చల్లదనంలో ఎక్కువ భాగం ఆ కరగడం వల్లే వస్తుంది, ఒక గ్రాము ఐస్ నీరవ్వాలంటే చుట్టూ ఉన్నదాన్నుంచి 80 క్యాలరీల వేడి లాక్కుంటుంది. పైగా దీంట్లో ఆల్కహాల్ ఉంది కాబట్టి సున్నా దగ్గర ఆగదు, బాగా గిలక్కొడితే సున్నా కిందకి కూడా దిగుతుంది. ఆ కాసిన్ని నీళ్ళు లేకపోతే షాట్ పాకంలా ఉంటుంది, కావాలి అవి.

ముందు జ్యూస్, నిమ్మరసం, ష్నాప్స్, చివర్లో వోడ్కా పోయండి (మధ్యలో ఎక్కడైనా కొలత తప్పితే పారబోసేది చవక సరుకే అవుతుంది), అప్పుడు ఐస్. మూత గట్టిగా నొక్కి, ఒక చెయ్యి మూత మీద, ఒక చెయ్యి కింద పెట్టి, భుజం మీదుగా వెనక్కీ ముందుకీ జోరుగా ఊపండి. పక్కనెవరూ లేని వైపు తిరగండి, నా మాట వినండి. 12 సెకన్లు చాలు. గడియారం చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. మొదట గలగలమని పెద్ద శబ్దం, ముక్కలు విడివిడిగా కొట్టుకుంటాయి, ఏడెనిమిది సెకన్లకి ముక్కల మూలలు అరిగిపోయి శబ్దం కాస్త మొద్దుబారుతుంది, అప్పటికే స్టీలు బయట తెల్లగా మంచు పొడి పట్టి ఉంటుంది, వేలితో గీస్తే గీత పడుతుంది, వేళ్ళు ఇక పట్టలేం అంటాయి. అదీ టైము. గాజు సీసాలో చేస్తే ఆ మంచు అంతగా కనపడదు, మనసులో పదిహేను లెక్కపెట్టుకోండి.

తీయగానే వడకట్టి గ్లాసుల్లోకి. ఒక గ్లాసు పూర్తిగా నింపి తర్వాతదానికి వెళ్ళకండి, నాలుగింట్లో సగం సగం పోసి మళ్ళీ మొదటికొచ్చి నింపండి, లేకపోతే చివరి గ్లాసువాడికి నీళ్ళు ఎక్కువ వస్తాయి. సరిగ్గా వచ్చిన షాట్ ముదురు గులాబీ రంగులో ఉంటుంది, పైన సన్నగా లేత నురుగు, చిన్న చిన్న ఐస్ పలుకులు తేలుతూ. నురుగు నిమిషంలో పోతుంది కాబట్టి ఫొటోలు తీసుకునేవాళ్ళు త్వరగా కానివ్వాలి.

మొదటి గ్లాసు మీరే రుచి చూడండి. నాలుక మీద జిగటగా ఉంటే తర్వాత రౌండ్‌కి నిమ్మరసం ఇంకో 5 మిల్లీ వేయండి. పల్చగా నీళ్ళలా ఉంటే ఐస్ తడిది, కొలతలు మార్చకండి. మరీ పుల్లగా ఉంటే ష్నాప్స్ పెంచితే వాసన ఎక్కువైపోతుంది, దానికంటే చిటికెడు ఉప్పు వేసి చూడండి, చిటికెడు అంటే నిజంగా చిటికెడే, నలుగురి షాట్‌కీ కలిపి. పులుపు పదును తగ్గి పండు రుచి పైకొస్తుంది.

సరే, ఇప్పుడు కథ. ఇంత తీపి మందు బార్‌లోకి ఎలా దూరిందంటే, దానికి మొదటి కారణం ఆడవాళ్ళు బార్‌కి రావడం. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది గానీ న్యూయార్క్‌లో మెక్‌సోర్లీస్ అని వందేళ్ళు దాటిన ఒక పాత బార్ ఉంది, దాంట్లోకి 1970 దాకా ఆడవాళ్ళని రానివ్వలేదు, కోర్టులో కేసు నడిచి, సిటీ చట్టం చేశాకే తలుపు తీశారు. అన్ని బార్లూ అలా బోర్డు పెట్టకపోయినా వాతావరణం అదే, బీరు, విస్కీ, పొగ, మగాళ్ళు.

1965లో మాన్‌హటన్ ఫస్ట్ అవెన్యూలో, 63వ వీధి మూలన అలాన్ స్టిల్‌మన్ అనే కుర్రాడు టీజీఐ ఫ్రైడేస్ అనే బార్ తెరిచాడు. అతనికి రెస్టారెంట్ అనుభవం సున్నా, పర్ఫ్యూమ్‌ల ముడిసరుకు అమ్మే సేల్స్ ఉద్యోగం. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఎయిర్ హోస్టెస్‌లు, మోడళ్ళు, ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలు చాలామంది ఉండేవాళ్ళు, వాళ్ళతో పరిచయం పెంచుకోవడానికి ఒక చోటుండాలి, అదీ అతని బిజినెస్ ప్లాను, తనే తర్వాత దాచుకోకుండా చెప్పాడు కూడా. అమ్మ దగ్గర కొంత డబ్బు అప్పు తీసుకుని పెట్టాడంట. అమ్మాయిలతో మాట్లాడటానికి బార్ పెడుతున్నానని ఆ తల్లికి చెప్పాడో లేదో మరి.

అటు శాన్‌ఫ్రాన్సిస్కోలో నార్మన్ జే హాబ్డే అనే ఆయన హెన్రీ ఆఫ్రికాస్ అని ఇంకో బార్ పెట్టాడు. కిటికీల నిండా కుండీల్లో ఫెర్న్ మొక్కలు వేలాడదీసి, రంగు గాజుల దీపాలు పెట్టి, చీకటి గుహలా ఉండే బార్‌ని ఎవరింట్లోనో డ్రాయింగ్ రూమ్‌లా చేసేశాడు. ఇలాంటివాటికి ఫెర్న్ బార్ అనే పేరు పడింది. నిమ్మ, వోడ్కా, ఆరెంజ్ లిక్కర్‌తో గ్లాసు అంచుకి చక్కెర అద్ది ఇచ్చే లెమన్ డ్రాప్ కూడా 1970ల్లో ఇతని బార్‌లోనే పుట్టిందని చెప్తారు. నిమ్మ బిళ్ళ పేరు పెట్టిన డ్రింకు అది, అంటే కస్టమర్‌కి ఏం కావాలో పేరులోనే ఉంది చూడండి. మందు రుచి అలవాటు లేనివాళ్ళు, అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ, మొహం చిట్లించకుండా తాగగలిగేది కావాలి. వోడ్కాకి వాసన తక్కువ, దేంట్లో కలిపినా కనపడకుండా పోతుంది. 1976కి వచ్చేసరికి అమెరికాలో అక్కడి బర్బన్ విస్కీని కూడా దాటేసింది వోడ్కా అమ్మకం.

ఇక మన గ్లాసులో ఎర్ర రంగు, దాని వెనక ఒక కలుపు మందు గొడవ ఉంది. అమెరికాలో క్రాన్‌బెర్రీ అంటే నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి సాస్ చేసుకోవడానికి కొనేది, ఏడాదికి ఒకసారి. 1959 నవంబర్‌లో, పండక్కి రెండు వారాల ముందు, కొన్ని పంటల్లో కలుపు మందు దొరికిందనీ దానివల్ల ఎలుకల్లో క్యాన్సర్ కనపడిందనీ ప్రభుత్వం ప్రకటించింది, ఆ సీజన్ అమ్మకాలు కుప్పకూలాయి. ఒక్క పండగ మీద ఆధారపడితే ఏమవుతుందో రైతుల సహకార సంఘం ఓషన్ స్ప్రేకి బాగా తెలిసొచ్చింది, ఆ తర్వాత వాళ్ళు ఏడాది పొడుగునా అమ్ముడయ్యే జ్యూస్ మీద బలంగా పడ్డారు. వోడ్కాలో క్రాన్‌బెర్రీ కలిపితే కేప్ కాడర్, దానికి గ్రేప్‌ఫ్రూట్ కలిపితే సీ బ్రీజ్, ఆరెంజ్ కలిపితే మద్రాస్ (అవును, అదే పేరు). అలా క్రాన్‌బెర్రీ సీసా బార్ కౌంటర్ మీద పర్మనెంట్ అయిపోయింది.

పీచ్ మాత్రం చివర్లో వచ్చింది. 1984లో డీకైపర్ కంపెనీ పేరుతో పీచ్‌ట్రీ ష్నాప్స్ అమెరికా మార్కెట్‌లోకి దిగింది. అంతకుముందు పీచ్ లిక్కర్లు లేవని కాదు, కానీ ఇది మూత తీస్తే అచ్చం మాగిన పీచ్ పండు వాసన, అది జనానికి పట్టేసింది. ఆరెంజ్ జ్యూస్‌లో కలిపి ఫజ్జీ నేవల్ అన్నారు, పీచ్ మీద నూగు ఉంటుంది కాబట్టి ఫజ్జీ, నేవల్ ఆరెంజ్ జ్యూస్ కాబట్టి నేవల్, బొడ్డు మీద జోకు కూడా కలిసొచ్చింది. వోడ్కా, పీచ్, క్రాన్‌బెర్రీ, ఆరెంజ్ నాలుగూ కలిపిన దానికి పెట్టిన పేరు ఇంట్లో పెద్దవాళ్ళ ముందు చెప్పలేం. దాంట్లోంచి ఆరెంజ్ తీసేస్తే మన వూ వూ.

ఆ 80ల బార్లలో పేరే సగం అమ్మకం. ఆర్డర్ ఇవ్వడానికే గట్టిగా అరవాలి, అరిస్తే పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూస్తారు, చూశాక వాళ్ళూ అదే ఆర్డర్ ఇస్తారు. షాట్ సైజు చిన్నది, ఒక్క షేకర్‌లో ఆరుగురికి చేసేయొచ్చు, ఒక్క గుక్కలో అయిపోతుంది, గ్లాసు ఖాళీ అయితే మళ్ళీ ఆర్డర్. టెస్ట్ ట్యూబుల్లో పోసి ట్రేలో పెట్టుకుని టేబుళ్ళ మధ్య తిరుగుతూ కూడా అమ్మేవాళ్ళు. బార్ ఓనర్‌కి ఇంతకంటే ఏం కావాలి. పాడైంది కూడా అక్కడే. రష్‌లో నిమ్మకాయలు పిండే తీరిక ఎవరికి, నిమ్మరసం బదులు పౌడర్ కలిపిన సోర్ మిక్స్ వచ్చింది, పైపు నొక్కితే జ్యూస్ వచ్చే గన్ వచ్చింది, ఐస్‌లో రెండుసార్లు అటూ ఇటూ అని పోసేయడం. 1987లో న్యూయార్క్ రెయిన్‌బో రూమ్‌లో డేల్ డిగ్రాఫ్ అనే బార్‌టెండర్ తాజా పండ్ల రసాలతో పాత కాక్‌టెయిల్స్ చేయడం మొదలెట్టాక మంచి బార్లు మెల్లగా ఆ దారి పట్టాయి, మంచిదే, కానీ ఆ ఊపులో తీపి షాట్లన్నిటినీ కట్టగట్టి చెత్తబుట్టలో వేసేశారు. అదే తాజా నిమ్మరసం ఈ షాట్‌లో కూడా పోసి చూద్దాం అని చాలామందికి తట్టలేదు, అక్కడే నాకు కాస్త మండుతుంది.

తాగే ముందు ఒక లెక్క చూసుకోండి. 60 మిల్లీ వోడ్కాలో 24 మిల్లీ ఆల్కహాల్, 45 మిల్లీ ష్నాప్స్‌లో 20 శాతం అనుకుంటే 9 మిల్లీ, మొత్తం 33, నలుగురికి పంచితే తలా 8 మిల్లీ పైచిలుకు, అంటే దగ్గర దగ్గర ఆరున్నర గ్రాములు. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాములు, 44 మిల్లీ విస్కీ అన్నమాట. అంటే రెండు వూ వూలు ఇంచుమించు ఒక విస్కీ. ఒక్కోటి చూస్తే తక్కువే, ఇబ్బంది ఎక్కడొస్తుందంటే విస్కీ అయితే గొంతే బ్రేక్ వేస్తుంది, దీనికి గొంతు దారి ఇచ్చేస్తుంది, ఇరవై నిమిషాల్లో నాలుగు దించేసి నాకేం కాలేదే అనేవాడు అరగంట తర్వాత కుర్చీలోంచి లేవలేడు. నేను చేసేటప్పుడు ఒక రౌండ్ అయ్యాక షేకర్ కడిగి పక్కన పెట్టేస్తా, మళ్ళీ తీయడానికి బద్ధకమేసి గ్యాప్ దానంతటదే వస్తుంది. మధ్యలో తినడానికి ఏదైనా ఉప్పగా, నూనెగా పెట్టండి. బండి తోలేవాళ్ళకీ, వయసు రానివాళ్ళకీ మందు లేని రకం చేసివ్వండి: పీచ్ సిరప్ 20 మిల్లీ, క్రాన్‌బెర్రీ 60, నిమ్మరసం 10, చల్లారిన చిక్కటి టీ డికాషన్ 20, అదే షేకర్‌లో అలాగే గిలక్కొట్టి మూడు గ్లాసుల్లోకి. టీ ఎందుకంటే వోడ్కా లేకపోతే గొంతులో పట్టు ఉండదు, ఆ లోటు డికాషన్ వగరు కొంత తీరుస్తుంది. రంగు అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి గ్లాసులు కలిసిపోకుండా అంచుకి నిమ్మ ముక్క గుచ్చండి.

పన్నెండు మంది ఉంటే ముందే కలిపి పెట్టుకోవచ్చు. వోడ్కా 180, ష్నాప్స్ 135, క్రాన్‌బెర్రీ 135, వీటికి చల్లటి మంచినీళ్ళు 120 మిల్లీ కలిపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఆ నీళ్ళు ఐస్ కరిగే వాటా, ఇక్కడ గిలక్కొట్టడం ఉండదు కాబట్టి మనమే పోయాలి. నిమ్మరసం 45 మిల్లీ మాత్రం వడ్డించే ముందు, పొద్దున్నే పిండి పెడితే సాయంత్రానికి ఆ తాజాదనం పోయి చేదు తిరుగుతుంది. వడ్డించడానికి ముందు ఓ గంట సీసాని ఫ్రీజర్‌లోకి మార్చండి, రాత్రంతా ఉంచితే మాత్రం సగం గడ్డకట్టి బురదలా అవుతుంది, వోడ్కా గడ్డకట్టలేదు కదా ఇదీ కట్టదు అనుకోకండి, దీంట్లో ఆల్కహాల్ 16 శాతం చుట్టుపక్కలే. అలా గడ్డకట్టినా పారేయకండి, ఫోర్కుతో గీకి స్పూన్ వేసి ఇస్తే అందరూ అదేదో స్పెషల్ అనుకుంటారు. నేను ఒకసారి అలాగే బయటపడ్డా.

ఇది చేయడం వచ్చాక మిగతావి తేలిక. క్రాన్‌బెర్రీ, పీచ్ తీసేసి ట్రిపుల్ సెక్ (ఆరెంజ్ లిక్కర్) వేసి, నిమ్మరసం పెంచితే కామికాజీ, తీపి తక్కువ, పదును ఎక్కువ. పీచ్ బదులు షాంబోర్ అనే రాస్ప్‌బెర్రీ లిక్కర్, జ్యూస్ బదులు నిమ్మరసం వేస్తే ఊదా రంగు షాట్ ఒకటుంది, చూడ్డానికి భలే ఉంటుంది. లెమన్ డ్రాప్ చేసేటప్పుడు గ్లాసు అంచు మొత్తానికీ చక్కెర అద్దకండి, సగం అంచుకే అద్దితే ఎవరికి ఎంత కావాలో వాళ్ళే తిప్పుకుని తాగుతారు.

తెరిచిన క్రాన్‌బెర్రీ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం పది రోజుల్లో అవగొట్టండి. ష్నాప్స్ సీసా ఎన్ని నెలలున్నా పాడవదు గానీ మూత దగ్గర చక్కెర గడ్డకట్టి తర్వాతిసారి తెరుచుకోదు, పెట్టేసే ముందు మూతి తడిగుడ్డతో తుడవండి. ఇప్పటికే బిగుసుకుపోయిందా, వేడినీళ్ళలో ముంచిన గుడ్డ రెండు నిమిషాలు చుట్టి తిప్పండి, వచ్చేస్తుంది.